నలభై ఒక్క షట్టర్లు

వీధికి వారానికొక రోజు సెలవు. ఇవాళ ఆ సెలవు. బస్సు దిగిన ఫొటోలమ్మ వీధి మొదట్లోనే ఆగిపోయి అయిదు నిమిషాలైంది. కాళ్ళు ముందుకు పడటం లేదు.

ఎందుకు పడటం లేదో మొదటినుంచి చదువుతున్నవాళ్ళకు తెలుసు. ఇవాళే చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఫొటోలమ్మ అసలు ఉద్యోగం కాలేజీలో పాఠాలు చెప్పడం. గోడల మీదా, కొట్ల బోర్డుల మీదా, బస్సుల వెనకా ఏ భాషలో ఏం రాస్తున్నారో చూసి లెక్క తేల్చడం ఆమె పరిశోధన. మెడలో కెమెరాతో ఏడాదిపాటు పన్నెండు వీధులు తిరిగింది కాబట్టి ఆ వీధులవాళ్ళు పెట్టిన పేరది. ఆమె ఇచ్చిన పట్టికలో ఈ కాలవ వీధికి ఎదురుగా, మూడో భాష గడిలో సున్నా ఉంది. ఆ సున్నా చూసి మునిసిపల్ ఆఫీసు కాలవ మెట్ల దగ్గరి హెచ్చరిక బోర్డు మార్చినప్పుడు మూడో భాష వరస తీసేసింది. మధ్యాహ్నం వదిలే నీళ్ళు ఇకనుంచి పొద్దున తొమ్మిదికే వదులుతామని మిగతా రెండు భాషల్లో రాయించింది. ఆ రెండూ చదవడం రాని ఇస్త్రీ అక్క ఎప్పటిలాగే బండి మీంచి దుప్పట్ల మూట దించుకుని తొమ్మిదికి మెట్లు దిగింది, వదిలిన నీళ్ళలో పడింది. పదహారు రోజులుగా ఆవిడ ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవలేదు.

రేపు పదింటికి విచారణ. అక్కడ ఆ సున్నా నిలబడితే తప్పంతా ఇస్త్రీ అక్కదే అవుతుంది. ఆవిడ వైద్యం ఖర్చు ఆఫీసు ఇవ్వదు, ఇంట్లోవాళ్ళు పెట్టుకోలేరు. ఆ తర్వాత బడి గేటు మీదా, ఆసుపత్రి గోడ మీదా, ఊళ్ళో ఉన్న ప్రతి బోర్డు మీదా మూడో వరస పోతుంది. ఆ సున్నా తప్పని చెప్పగలిగింది ఒక్క ఫొటోలమ్మే. గతవారం బీరువా అడుగునుంచి ఆమె నలభై ఒక్క ఫొటోలు బయటికి తీసింది. వాటిని రేపు విచారణ బల్ల మీద పెట్టేముందు ఒక మనిషి ఎదుట తల వంచాలి. ఆ మనిషి ఇస్త్రీ అక్క తమ్ముడు. వీధిలో అందరూ ఆర్టిస్టు అని పిలిచే బోర్డుల పెయింటరు.

పొద్దున ఫొటోలమ్మ కంచం ముందు నుంచి లేచిపోతుంటే వాళ్ళమ్మ అంది. "తప్పు చేసినవాళ్ళు అన్నం మానేస్తే తప్పు తరుగుతుందంటే నేనూ ఈ పాటికి సన్నబడేదాన్ని. తిని వెళ్ళవే." తినలేదు.

ఫొటోలమ్మ నడిచింది. రెండు పక్కలా కొట్లన్నీ మూసి ఉన్నాయి. తెరిచి ఉన్నప్పుడు పన్నెండుసార్లు వచ్చిన వీధే. అప్పుడు కళ్ళకు కనిపించింది నెత్తిమీది బోర్డులు, ఎర్రవీ పచ్చవీ, రెండు భాషల్లో. ఇప్పుడు షట్టర్లు దిగాక బోర్డులు చిన్నబోయాయి. షట్టరు షట్టరుకీ నీలం రంగులో గుండ్రటి అక్షరాలు, మోకాలెత్తునుంచి మనిషెత్తు దాకా. రేకు మడతల మీద అక్షరం రాయడం ఎవరిపడితే వాళ్ళ వల్ల కాదు. సగం మడత మీద, సగం మడత లోపల పడుతుంది. ఎదురుగా నిలబడితే విరిగినట్టుండే అక్షరం నడుస్తూ చూస్తే అతుక్కుంటుంది. వీధంతా ఒకే చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో అడగక్కర్లేదు.

ఆర్టిస్టు కొట్టు వీధి మధ్యలో, సగం గది. మిగతా సగం మేనకోడలిది. ఆవిడ టైలరు, ఇస్త్రీ అక్క కూతురు. మధ్యలో గోడ లేదు, పాత ఫ్లెక్సీ గుడ్డ ఒకటి అడ్డంగా వేలాడుతుంది. సెలవురోజైనా రెండు షట్టర్లూ నడుము దాకా ఎత్తి ఉన్నాయి. లోపల కుట్టుమిషను చప్పుడు, టర్పెంటైను వాసన.

ఆమె వంగి లోపలికి వెళ్ళింది. వంగడం సులువుగానే ఉంది. మళ్ళీ నిటారుగా నిలబడటమే చేతకాలేదు.

ఆర్టిస్టుకి అరవై దాటాయి. కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. తలెత్తి చూసి స్టూలు ముందుకు జరిపాడు.

"రండి మేడమ్. ఫొటో అయితే నిలబడి తీసుకోండి. మాట అయితే కూర్చోండి."

"మాటేనండీ."

"అయితే మంచినీళ్ళు తాగి మొదలుపెట్టండి. మీ మొహం చూస్తే పెద్ద మాటలాగే ఉంది."

"అక్కగారికి ఎలా ఉంది?"

"నిన్న చిటికెనవేలు కదిలిందన్నారు. నర్సమ్మ చూసిందట. మేం చూడలేదు." గుడ్డ మడతపెట్టాడు. "చెప్పండి."

దారంతా వల్లెవేసిన వాక్యం ఒకటుంది. అది నోటికి రాలేదు. "ఆ సర్వే చేసింది నేనే" అంది.

"తెలుసు."

"కాలవ వీధిలో మీ భాష సున్నా అని రాసింది నేనే."

"అదీ తెలుసు. ఆఫీసువాళ్ళు చూపించారు. కింద మీ సంతకం ఉంది, చక్కగా." ఆయన ఇంకో కుంచె తీశాడు. "తెలియంది ఒకటే మేడమ్. ఆరోజు పొద్దున్నే ఆరింటికి వచ్చారు చూడండి, ఆకుపచ్చ చీర. నేను షట్టరు సందులోంచి చూశాను. మీరు ఒక్కో షట్టరు ముందూ ఆగి ఫొటో తీసుకుంటున్నారు. ఇంటికి పరిగెత్తి మా ఆవిడని నిద్ర లేపాను. మనల్ని కూడా చూసే మనిషి వచ్చిందే అన్నాను. అంత చూసి సున్నా ఎలా వేశారు?"

చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"మాకు ఒక పద్ధతి కాగితం ఉంటుందండీ. ఏది లెక్కించాలి, ఏది వదిలెయ్యాలి అని. పొద్దున పదింటికీ సాయంత్రం ఆరింటికీ మధ్య వీధిలో నిలబడితే కనిపించేవే లెక్క. ఆ టైములో మీ షట్టర్లు..."

"పైకి చుట్టుకుపోయి ఉంటాయి. అందుకేగా వాటి మీద రాసుకున్నది." ఆర్టిస్టు నవ్వాడు. "కొట్టు ముందు ఏ రాత రాయాలన్నా ఆఫీసు అనుమతి కావాలి. అనుమతి కాగితంలో రెండు భాషలకే గడులున్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చేదీ మీలాగే పదింటికీ ఆరింటికీ మధ్య. ఆయనకి కనబడకూడదని రాసుకున్నాం. మీ లెక్కకీ కనబడలేదు. సరే, పద్ధతి ప్రకారమే జరిగింది."

అడ్డగుడ్డ అవతల మిషను ఆగింది.

"ఆ కాగితం ఎవరు రాశారు?" టైలరమ్మ గొంతు.

ఫొటోలమ్మ గుడ్డ వైపు చూసింది. "నేనే."

మిషను మళ్ళీ మొదలవలేదు. గుడ్డ పక్కకు జరిగింది. ముప్పై ఏళ్ళ మనిషి, మెడలో టేపు, కళ్ళకింద పదహారు రోజుల నిద్రలేమి. "కానివ్వండి. ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా నా వంతు కాదు. తీరిగ్గానే ఉన్నాను."

ఇక్కడ ఆగిపోయినా సరిపోయేది. పద్ధతి తప్పు, నా పొరపాటు, క్షమించండి అంటే వాళ్ళు నమ్మేవాళ్ళే. ఆర్టిస్టు అప్పుడే సగం క్షమించేశాడు కూడా. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని లేచి వెళ్ళిపోవచ్చు. కానీ బీరువా అడుగున పెట్టింది పొరపాటున కాదు కదా.

"ఇంకా ఉందండీ" అంది ఫొటోలమ్మ. "నేను క్లాసులో చెప్పే పాఠం ఒకటుంది. మొదట్లో మా రంగంలో అందరూ లెక్కపెట్టేవాళ్ళు. వీధిలో ఎన్ని బోర్డులు, ఏ భాషవి ఎన్ని అని. తర్వాత వచ్చినవాళ్ళు, లెక్క సరే, ఆ బోర్డు ఎవరు పెట్టారు, ఎవరు చదవాలని పెట్టారు అని అడిగారు. ఇప్పటివాళ్ళు వీధి మనుషులతో కలిసి నడుస్తున్నారు. బోర్డు లేనిచోట ఎందుకు లేదో అడుగుతున్నారు. చెరిపేసినవి, దాచుకున్నవి, ఒక్కపూట ఉండి పోయేవి, వాటి వెంటపడుతున్నారు. మా సభల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా అదే."

"బాగుంది" అన్నాడు ఆర్టిస్టు. "మరి మీరు?"

"పొద్దున ఆ పాఠం చెప్పి, మధ్యాహ్నం వచ్చి లెక్కపెట్టుకున్నాను. అది తొందరగా అయిపోతుంది. ఆఫీసువాళ్ళు అడిగింది కూడా అదే. గడువు మూడురోజులుందనగా, ఒక కొట్టు నంబరు సరిచూసుకోవడానికి ఆరింటికి వచ్చాను. షట్టర్లు చూశాను. చూడగానే..." మంచినీళ్ళు తాగింది. "చూడగానే ముందు సంతోషమేసింది. ఇది ఎవరూ చూడలేదు, దీనిమీద నేనే మొదట రాస్తాను అనుకున్నాను. ఆఫీసు పట్టికలో పెడితే అది అందరికీ తెలిసిపోతుంది. అందుకని పట్టికలో సున్నా ఉంచి, ఫొటోలు దాచుకున్నాను. మా కాలేజీలో పెద్ద సారుకి చెబితే, ఆయన కూడా, దీన్ని తర్వాతి వ్యాసానికి అట్టేపెట్టుకో అన్నారు. పద్ధతి కాగితం నాకు సాకు, అంతే."

డబ్బాలో కిరసనాయిలు మీద నీలంరంగు పొర తిరుగుతోంది.

"అంటే మా అమ్మ మీ తర్వాతి వ్యాసమన్నమాట" అంది టైలరమ్మ.

ఫొటోలమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆ వ్యాసంలో మా అమ్మ ఎన్నో పేజీలో వస్తుందండీ? నీళ్ళలో పడకముందా, పడ్డాకా?"

"చాల్లేవే" అన్నాడు ఆర్టిస్టు.

"ఏం చాలు మావయ్యా? నువ్వు ఎవరినైనా క్షమిస్తావు. నీకు అదొక జబ్బు. బోర్డు మీద రెండు వరసలే రాయమన్నవాళ్ళనీ క్షమించావు, రాసిన నిన్ను నువ్వే..." ఆవిడ ఆగిపోయింది. అనకూడనిది నోట్లోంచి జారిందని ముగ్గురికీ తెలిసింది.

కాలవ మెట్ల దగ్గర కొత్త బోర్డు రాసింది ఆర్టిస్టే. ఊళ్ళో ఆఫీసు లైసెన్సున్న పెయింటరు ఆయనొక్కడే. ఫొటోలమ్మకి ఆ సంగతి ఇప్పుడే తట్టింది. పదహారు రోజులుగా తన తప్పు చుట్టూ తను గానుగెద్దులా తిరుగుతూ, ఆ బోర్డు మీద కుంచె పట్టిన చెయ్యి ఎవరిదని ఒక్కసారైనా అనుకోలేదు.

ఆర్టిస్టు గుడ్డ పక్కన పెట్టాడు. "అననీ. నిజమేగా. మూడో వరస ఏదండీ అని అడిగాను. సర్వేలో సున్నా వచ్చిందయ్యా అన్నారు. సరేనని రాశాను. రాసి ఊరుకోలేదు మేడమ్. కాలవనీళ్ళు పొద్దున తొమ్మిదికి మారాయని వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. గడియారాలాయనకి, బియ్యం కొట్టువాళ్ళకి, చివరింటి ముసలమ్మకి చెవిలో అరిచి మరీ చెప్పాను. అందరికీ చెప్పాను." చేతులు చూసుకున్నాడు. "అక్కకు తప్ప."

టైలరమ్మ మెడలోని టేపు రెండు చేతులతో పట్టుకుంది.

"నాలుగు నెలలుగా మాటల్లేవు మా ఇద్దరికీ. ఎందుకంటారా, నా నిచ్చెన నన్నడగకుండా ఎవరికో ఎరువిచ్చింది. వాడు మెట్టు విరగ్గొట్టి తెచ్చాడు. నిచ్చెన గొప్పా నేను గొప్పా అంది. నిచ్చెనే గొప్ప అన్నాను. దానికి పౌరుషం, నాకు మొండితనం. ఆరోజు దాని ఇంటిముందు నుంచే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని బొగ్గులు ఏరుతోంది. పక్కింటివాళ్ళు చెబుతారులే అనుకుని దాటిపోయాను. పక్కింటివాళ్ళేమో, తమ్ముడు చెప్పకుండా ఉంటాడా అనుకున్నారు."

"అమ్మకి చెప్పేశానని ఆరోజే నాతో అన్నావు మావయ్యా" అంది టైలరమ్మ. గొంతులో కోపం లేదు. అదే వినలేకపోయింది ఫొటోలమ్మ.

"అబద్ధం చెప్పాను."

ఆవిడ మిషను ముందుకు వెళ్ళి కూర్చుంది. తొక్కలేదు. చక్రం మీద చెయ్యి వేసుకుని ఊరికే కూర్చుంది.

ఫొటోలమ్మ స్టూలు ఆర్టిస్టు వైపు జరుపుకుంది. "రేపు విచారణలో ఆ నలభై ఒక్క ఫొటోలూ ఇచ్చేస్తాను. సున్నా తప్పని, తప్పని నాకు ముందే తెలుసని చెబుతాను. నా ఉద్యోగం ఏమైనా సరే. మూడో వరస తిరిగి వస్తుంది. అక్కగారి బాధ్యత ఆఫీసు మీద పడుతుంది."

సంతోషిస్తారనుకుంది. ఆర్టిస్టు మొహంలో రంగు పోయింది.

"ఇస్తే ఎల్లుండి మా షట్టర్ల మీద ఆఫీసువాళ్ళ బూడిదరంగు పడుతుంది మేడమ్. అనుమతి లేని రాతలకి మీరు దగ్గరుండి సాక్ష్యం ఇచ్చినట్టు."

ఆమెకి అది తోచలేదు. రాత్రింబవళ్ళు నీతి గురించి ఆలోచించిన మనిషికి ఇంత చిన్న సంగతి తోచలేదు. "షాపుల పేర్లే కదండీ" అంది బలహీనంగా. "తర్వాత మళ్ళీ..."

మామా మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ స్థితిలో కూడా టైలరమ్మకి నవ్వాగలేదు.

"పేరు నెత్తిమీద బోర్డులో ఉండగా షట్టరు మీద మళ్ళీ ఎందుకండీ, మర్చిపోతామనా?"

"మేడమ్," అన్నాడు ఆర్టిస్టు నెమ్మదిగా, "అక్కడ ఏం రాసుందో మీరు చదవలేదా?"

"నాకు చదవడం రాదు."

తన పట్టికలో ఆ లిపికి ఒక సంకేతం ఉంది: మూడు, చేతిరాత, నీలం. అక్షరాల ఆకారం చూసి భాషేదో గుర్తుపట్టడం వచ్చు. నలభై ఒక్కసారి గుర్తుపట్టింది. ఒక్కసారీ చదవలేదు. చదివి చెప్పమని ఎవరినీ అడగలేదు.

"గడియారాల షట్టరు మీద, జ్వరం మందులు వెనక సందులో నాలుగో తలుపు అని ఉంటుంది" అన్నాడు ఆర్టిస్టు. "బియ్యం కొట్టు మీద, నొప్పులొస్తే మంత్రసాని మేడ మీద ఉంటుంది, తలుపు బాదొద్దు గంట కొట్టండి అని. సైకిళ్ళాయనది, ఆసుపత్రికి పోవాలంటే బండి ఉంది, తాళం గూట్లో ఉంది అని. కొట్లు మూసేశాక మావాళ్ళకి ఏదైనా అవసరం పడితే ఎవరిని అడగాలి? ఆఫీసు బోర్డు చదవలేరు. షట్టర్లు చదువుకుంటారు. నేను పుట్టకముందు మా నాన్న మొదలుపెట్టాడు."

ఫొటోలమ్మ స్టూలు మీద ముడుచుకుపోయింది. ఇస్తే వీధి పోతుంది. ఇవ్వకపోతే మంచం మీది మనిషి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయినా కాసేపే నలుగుతుంది.

"ఆలోచించుకుందాం" అంది. "రేపు పదింటిదాకా టైముంది. ఫొటోలు ఇంకా ఎవరికీ..." మాట అక్కడ తెగిపోయింది.

"ఎవరికీ?" అన్నాడు ఆర్టిస్టు.

"పొద్దున మా పెద్ద సారుకి పంపాను. దాపరికం ఉండకూడదని. రేపు ఇవి ఇస్తానని రాసి పంపాను."

బయట వ్యాను ఆగిన చప్పుడైంది. తలుపులు తెరుచుకున్నాయి. ఇనప నిచ్చెన రోడ్డు మీద ఈడుస్తున్న శబ్దం.

ముగ్గురూ వంగి బయటికి వచ్చారు. నలుగురు పనివాళ్ళు డబ్బాలు దించుతున్నారు. మూతల మీద కారిన రంగు బూడిదరంగు. వాళ్ళ ముందు బోర్డుల ఇన్‌స్పెక్టరు, చేతిలో ఒక కాగితాల దొంతర. పైనున్న కాగితం మీద గడియారాల షట్టరు ఫొటో. మూల మీద ఫొటోలమ్మ కెమెరా వేసే తేదీ, ఆరూ పది.

"మేడమ్ కూడా ఇక్కడే ఉన్నారే. మంచిదైంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చెడ్డమనిషి కాదు, గట్టిగా మాట్లాడే అలవాటున్న మనిషి. ఆ గొంతుకి వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. "మీ పెద్ద సారు పంపారు. పరిశీలించమని. తొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాను ఈ వీధి, నాకు ఒక్కటి కనబడలేదు చూడండి. మీరు లేకపోతే మాకు తెలిసేదే కాదు."

మేడల మీది మొహాలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఎవరూ తిట్టలేదు. బియ్యం కొట్టు పైన ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అంతే.

ఫొటోలు దాచమన్న సంగతి బయటపడకుండా పెద్ద సారు వేసిన లెక్క ఆమెకి అర్థమైంది. ఇవాళ షట్టర్లు చెరిగిపోతే రేపు విచారణవాళ్ళు వచ్చి చూసినా వీధిలో ఏమీ ఉండదు. భయపడ్డ జనం నోరు విప్పరు. సున్నా సున్నాగానే ఉంటుంది, ఈసారి నిజంగా.

"సెలవురోజు ఇబ్బంది పెడుతున్నందుకు ఏమనుకోకండి" అంటూ ఇన్‌స్పెక్టరు ఒక అచ్చుకాగితం తీశాడు. "చిన్న పని. ఫొటో తీసినవాళ్ళు, ఇది నేనే తీశాను, ఇదే షట్టరు అని సంతకం పెట్టాలి. అప్పుడే మావాళ్ళు రంగు ముట్టుకోవాలి. రూలు."

"పెట్టకపోతే?"

"ఫొటోలు తనవని ఒప్పుకోలేదు అని రాసుకుని వెళ్ళిపోతాను. ఆ కాగితం రేపు విచారణకి పోతుంది. ఇక వాటిని ఎక్కడా వాడటానికి కుదరదు మేడమ్, మీరైనా సరే."

సంతకం పెడితే రేపు ఫొటోలు నిలబడతాయి, ఇవాళ వీధి చెరిగిపోతుంది. పెట్టకపోతే ఇవాళ వీధి మిగులుతుంది, రేపు ఇస్త్రీ అక్కకి దిక్కుండదు. ఒక్క సంతకంలో రెండూ ఉన్నాయి.

"పెట్టండి" అన్నాడు ఆర్టిస్టు పక్కనుంచి, పెదవులు కదలకుండా. "అక్క బతికితే చాలు. షట్టర్లు మళ్ళీ రాసుకోలేనా?"

"వద్దు" అంది టైలరమ్మ రెండోవైపు నుంచి. "లైసెన్సు పోయాక దేంతో రాస్తావు మావయ్యా? ఈ లోపల ఎవరికైనా నొప్పులొస్తే ఎవరి తలుపు కొడతారు? మా అమ్మ పేరు చెప్పి ఇంకొకళ్ళని పోగొట్టకండి."

ఇన్‌స్పెక్టరు అప్పటికే నాలుగడుగులు వేశాడు. "దీంతో మొదలెడదాం. ఇది ఎలాగూ మూసే ఉందట కదా."

ఆయన ఆగింది ఇస్త్రీ అక్క కొట్టు ముందు. పదహారు రోజులుగా ఎత్తని షట్టరు. దానికి ఆనించి ఇస్త్రీబండి నిలబడి ఉంది. ప్రమాదం జరిగిన పొద్దున వీధివాళ్ళు కంగారులో దాన్ని రోడ్డుమీద నుంచి తోసుకొచ్చి అలాగే వదిలేశారు. పనివాళ్ళిద్దరు బండిని పక్కకు లాగారు.

"ఈ గడిలో ఏం రాసుందో కూడా నింపాలి. చదవండి మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు పెన్ను విప్పుతూ.

"నాకు రాదు."

"మీకు రాదా?" ఇన్‌స్పెక్టరు ఆమె వంక వింతగా చూశాడు. "మరి ఇవన్నీ..." మర్యాదగా ఆగిపోయాడు. "సరే, ఆర్టిస్టూ, నువ్వు చదువు. రాసినవాడివేగా."

ఆర్టిస్టు ముందుకు వచ్చాడు. నీలం అక్షరాలు చూడకుండానే చెప్పాడు. "చలిలో తలదాచుకోవాలంటే వెనక తలుపు తీసే ఉంటుంది. బొగ్గుల పొయ్యి ఆరదు."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. ఒక్క క్షణం పెన్ను ఆగి, మళ్ళీ సాగింది. "కింద అదేంటి? బొగ్గుతో రాసుంది?"

బండి చక్రాలు ఉన్నచోట, షట్టరు అంచున, రెండు వరసలు. అది ఆర్టిస్టు చెయ్యి కాదు. అక్షరాలు పెద్దవి చిన్నవి అయ్యి, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఇస్త్రీపెట్టెలోంచి తీసిన బొగ్గుతో కూర్చుని రాసిన రాత.

ఆర్టిస్టు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్క రాత" అన్నాడు, ఎవరితోనూ కాదు. కళ్ళజోడు సవరించుకుని మొదటి వరస మీద వేలు పెట్టి నడిపించాడు. రెండో వరస సగంలో వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దుప్పట్లు రేపిస్తాను అని."

"అంతేనా? రెండు వరసలుందే."

"దానికి రాత రాదు సార్. ఒక మాట నాలుగు మాటలంత రాస్తుంది."

ఇన్‌స్పెక్టరు రాసుకుని కాగితం ఫొటోలమ్మ ముందు పట్టాడు, పెన్ను దానిమీద పెట్టి. "సంతకం మేడమ్. ఎటో ఒకటి తేల్చండి."

ఆమె పెన్ను తీసుకుంది. ఆర్టిస్టు ఇంకా లేవలేదు. అరచెయ్యి ఆ బొగ్గురాత మీద ఉంది, తుడిచేసేవాడిలాగానో, దాచేవాడిలాగానో. ఆ పక్కనే వంగి చూసిన టైలరమ్మ నిటారుగా లేచింది. మొహం పాలిపోయి ఉంది. నేరుగా ఫొటోలమ్మ దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చెవిలో మాత్రమే వినబడేలా అంది.

"మావయ్య చదివింది అక్కడ లేదు. మీరు మా అమ్మకి ఏం చెప్పారు?"

"నేనా? ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదే."

"అయితే నీళ్ళకి వెళ్ళేముందు ఆవిడ మీ పేరెందుకు రాసింది?"

ఫొటోలమ్మ షట్టరు వైపు చూసింది. ఆర్టిస్టు వేళ్ళ సందుల్లోంచి నల్లటి అక్షరాలు ఓ ఇరవై కనబడుతున్నాయి. వాటిలో ఏవి తన పేరో ఆమెకి తెలియలేదు.